ఒళ్లొకరిది, గొంతొకరిది

తెలుగు తెర మాట నేర్చింది 1932లో, ‘భక్త ప్రహ్లాద’తో. అప్పట్లో నటించేవాళ్లే పాడుకోవాలి. ప్లేబ్యాక్ వచ్చాక మనిషిలోంచి పాట విడిపోయింది. భానుమతి లాంటి వాళ్లు మాత్రం చివరిదాకా తమ పాట తామే పాడుకున్నారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ అభిమానులు ఎంత కొట్టుకున్నా ఇద్దరికీ పాడింది ఘంటసాలే!

తర్వాత మాట కూడా విడిపోయింది. మద్రాసు డబ్బింగ్ థియేటర్లలో ఫిల్ము ముక్కను లూపుగా అతికించి తిప్పేవారు. పెదవికి మాట కుదిరేదాకా అదే డైలాగ్ మళ్లీ మళ్లీ చెప్పాల్సిందే. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్, 1989లో ఫిల్మ్‌నగర్‌లో రామానాయుడు స్టూడియోస్ వెలిశాయి. పరిశ్రమతో పాటు ఆ పనీ హైదరాబాద్‌లోని ఈ గుట్టల మీదికి చేరింది.

‘అంకుశం’లో రాజశేఖర్ ముఖంలోని కోపానికి ఉరుము సాయికుమార్‌ది. 1967 ‘భక్త ప్రహ్లాద’లో బాలప్రహ్లాదుడిగా మెప్పించిన రోజారమణి, పెద్దయ్యాక ఎందరో కథానాయికలకు గొంతయ్యారు. ‘ఏ మాయ చేసావే’ (2010)లో జెస్సీ ముఖం సమంతది, మాట చిన్మయిది. మరి జెస్సీ ఎవరు?

ఇలాంటి ప్రశ్నే బౌద్ధుల ‘మిళింద పన్హ’లో ఉంది. రథమంటే చక్రమా, ఇరుసా, కాడా అని నాగసేనుడు మిళింద రాజును అడుగుతాడు. ఏదీ కాదు, అవన్నీ కూడినప్పుడు పిలుచుకునే పేరు రథం. ‘నేను’ అన్నదీ అంతేనంటాడు భిక్షువు. ఏ వస్తువుకూ తనదంటూ స్వభావం లేదని ఆచార్య నాగార్జునుడు ఆ వాదాన్ని ఇంకా దూరం తీసుకెళ్లాడు. కృష్ణా తీరాన నాగార్జునకొండ ఆయన పేరే మోస్తోంది. ఫిల్మ్‌నగర్‌కు ఇంత తర్కం అక్కర్లేదు. ఇక్కడ పాటకు, మాటకు, ఫైట్‌లో దూకే డూపుకు ఎవరి పేమెంట్ వాళ్లదే. అయినా కటౌట్ మాత్రం ఒక్కరికే లేస్తుంది. భ్రమ అని తెలిసినంత మాత్రాన అది పోదు.

ఈ భ్రమ పరాకాష్ఠకు చేరింది 1997 నాటి ‘అన్నమయ్య’లో. ఆచార్యుడి పేరే ఉన్న నాగార్జున అందులో భక్తుడు. ఆయన పాటల్లో ఎక్కువ భాగం పాడింది ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం. వేంకటేశ్వరుడిగా కనిపించిన సుమన్‌కు గొంతు ఇచ్చిందీ బాలూయే. భక్తుడి మొరా, దేవుడి జవాబూ ఒకే గొంతులోంచి వచ్చాయి. హాల్లో దండం పెట్టినవాళ్లకు అదేమీ అడ్డు కాలేదు. లెక్క విడదీసి చూసింది ప్రభుత్వమే: ఆ ఏడాది నంది అవార్డుల్లో ఉత్తమ నటుడు నాగార్జున, ఉత్తమ డబ్బింగ్ కళాకారుడు బాలు.