కంచె, గేటు, కాగితం

ఇంగ్లండు పల్లెదారుల వెంట ప్రయాణించిన మన పిల్లలందరూ పొలాల చుట్టూ పచ్చని గోడల వలె నిలిచిన పొదల వరుసలను చూచియే ఉంటారు. తెలుగులో వాటిని కంచెలు అనే అందాం. అయితే మన పూర్వుల ఊళ్ళలో కంచె అంటే తరచు తుమ్మకంప నరికి తెచ్చి పాతినది. ఇక్కడి కంచె నాటి పెంచినది, ప్రాణం గలది.

గత వేసవిలో మా సాయంకాలపు తెలుగు తరగతి పిల్లలతో పొలాల నడుమ నడుస్తూ ఉండగా, ఒక ఇరుకైన గేటు ముందు పెద్ద ట్రాక్టరు ముందుకూ వెనుకకూ కదులుతూ అవస్థ పడుతున్నది. “పొలం ఆయనదే కదా మాస్టారూ, ఆ పొదలు కొంచెం నరికి గేటు వెడల్పు చేసుకోరాదా?” అని ఒక బాలిక అడిగింది. ఆ ప్రశ్నకు సమాధానం ఇంగ్లండు చరిత్రలో ఉన్నది. కొంత మన చరిత్రలోనూ ఉన్నది.

పూర్వం ఈ దేశంలో అనేక గ్రామాలకు గట్లు లేని విశాలమైన ఉమ్మడి క్షేత్రాలు ఉండేవి. ఒక్కొక్క రైతుకు వాటిలో పొడుగాటి పట్టీలు ఉండేవి. ప్రక్కనే ఉమ్మడి బీడు. అందులో పేదవాడు ఆవును మేపుకొనేవాడు, వంటచెరకు ఏరుకొనేవాడు. 1604 మొదలు 1914 వరకు పార్లమెంటు 5,200కు పైగా చట్టాలు చేసి, ఇంగ్లండు విస్తీర్ణంలో ఐదవ వంతుకు మించిన భూమిని, అనగా సుమారు 68 లక్షల ఎకరాలను, విడివిడి సొత్తుగా పంచింది. వాటా పొందినవారు హద్దు వెంట కంచె నాటవలెనని పంపకపు పత్రాలు శాసించాయి. త్వరగా పెరిగే హాథార్న్ ముళ్ళమొక్కలు మైళ్ళ పొడవున నాటబడ్డాయి. భూస్వామికి అది హద్దు. ఆవు మేత పోయిన కూలివానికి అది మూసుకొన్న దారి. నార్తాంప్టన్‌షైర్‌కు చెందిన కర్షకకవి జాన్ క్లేర్ ఆ దుఃఖాన్నే కవిత్వంగా వ్రాశాడు.

అన్ని కంచెలూ ఆ కాలానివి కావు. పారిష్ హద్దుల వెంట, పాత జమీల సరిహద్దుల వెంట అంతకు ఎన్నో శతాబ్దాల ముందు నుండి ఉన్నవీ కలవు.

నాటి గేట్లు గుర్రపు బండి పట్టేటంత వెడల్పున కట్టినవి. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ట్రాక్టర్లు, కోతయంత్రాలు పెరిగాయి. ఆహారోత్పత్తి పెంచే ఉద్దేశంతో ప్రభుత్వమే ధనసహాయం చేసి కంచెలు తీయించింది. చిన్న పొలాలు కలిసి పెద్ద పొలాలయ్యాయి. పక్షులూ అడవిపూలూ తగ్గిపోయిన తరువాత గాని జరిగిన నష్టం దేశానికి తెలిసి రాలేదు.

1997లో రెండు విశేషాలు జరిగాయి. యార్క్‌షైర్‌లోని ఫ్లాంబరో గ్రామంలో ఒక కంచెను తీయబోగా, ఒక స్థానికుడు 1765 నాటి పంపకపు చట్టాన్ని చూపి న్యాయస్థానంలో గెలిచాడు. ఆ కంచెను ఎల్లకాలం పోషించవలెనని ఆ చట్టంలో ఉన్నది! అదే సంవత్సరం జూన్ 1 నుండి ఇంగ్లండు, వేల్సు దేశాలలో కంచెల రక్షణ నియమాలు అమలులోకి వచ్చాయి.

వాటి సారాంశం ఇది. పొలం కంచె 20 మీటర్లు లేక అంతకు మించి ఉంటే, అందులో ఏ భాగాన్ని పెకలించదలచినా ముందుగా స్థానిక ప్రణాళికా సంస్థకు వ్రాతపూర్వకంగా తెలియజేయవలెను. ఇండ్ల తోటల కంచెలకు ఇది వర్తించదు. సంస్థకు 42 దినాల గడువు ఉంటుంది. కంచె వయస్సు 30 ఏళ్ళు దాటి, నిర్ణీత లక్షణాలలో ఒక్కటైనా ఉంటే దానిని ‘ముఖ్యమైనది’గా ఎంచి, తీయరాదని ఆజ్ఞాపించవచ్చును. 1850కి పూర్వపు పారిష్ హద్దును సూచించడం అటువంటి లక్షణాలలో ఒకటి.

గేటు మాటకు వస్తే, ఉన్న దారికి బదులుగా వేరొక చోట దారి తెరిస్తే ముందుగా తెలియజేయనక్కరలేదు. కాని పాత దారిని 8 నెలలలోగా మొక్కలు నాటి పూడ్చవలెను. ఉన్న గేటునే వెడల్పు చేయడం ఈ మినహాయింపులోకి రాదు. అందువలన రెండు మీటర్ల కొరకైనా కాగితం పెట్టుకోవలసినదే. రైతు అవసరం అబద్ధం కాదు, నియమం కూడా దానిని కాదనదు. గొడ్డలి ఎత్తే ముందు ఆగి, ఇది ఏ కాలపు కంచె అని అడగమంటుంది.

ఈ నియమాలు చదివినప్పుడు మాకు మా మారిషస్ గుర్తుకు వచ్చింది. మా ముత్తాతగారు విశాఖ ప్రాంతం నుండి కూలి ఒప్పందంపై ఆ చెరకుతోటలకు వచ్చినవారు. కూలీలు తోట విడిచి తిరగాలంటే చీటీ కావలసి ఉండేది. 1867 నాటి చట్టం ఒప్పందం ముగించిన పాత కూలీలను సైతం ఛాయాచిత్రం గల చీటీ దగ్గర ఉంచుకోమని నిర్బంధించింది. మనవారిని అదుపులో ఉంచడానికే దొరలు పేరు, వయస్సు, ఎత్తు, ఒంటిమీది మచ్చ, పుట్టిన ఊరు దస్తరాలలో వ్రాయించారు. నేడు ఆ దస్తరాలు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. మా ముత్తాతగారి ఊరి పేరు మాకు దొరికింది అక్కడే. ఇంటిలో ఎవరికీ ఆ పేరు జ్ఞాపకం లేదు.

అవమానపు గుర్తులని ఆ పుస్తకాలను ఎవరైనా తగులబెట్టి ఉంటే మేము ఊరు లేనివారమై ఉండేవారము. కంచె విషయమూ అంతే. పేదలను వెలివేయడానికి నాటిన కంచెలు ఎన్నో ఉన్నాయి. వాటిని నిలుపుకోవడమంటే ఆ అన్యాయాన్ని మెచ్చుకోవడం కాదు. ఎవరి బీడు ఎక్కడ పోయిందో చెప్పగల సాక్షి అదే గనుక నిలుపుకోవలెను.

ఆ బాలికకు మేము ఇదంతా చెప్పలేదు. “ఈ కంచెలో ఎన్ని జాతుల చెట్లున్నాయో ముప్పై మీటర్ల మేర లెక్కపెట్టు” అన్నాము. నియమాలు చూచే లెక్కలలో అదీ ఒకటి. ఆమె హాథార్న్, హేజెల్, ఆష్, మేపుల్ అంటూ వేళ్ళు మడుస్తూ నడిచింది. ట్రాక్టరు ఎట్లో గేటు దాటింది. తల్లిదండ్రులారా, ఈ వారాంతంలో మీ పిల్లలతో ఆ లెక్క చేయించండి. పిమ్మట మీ ముత్తాతల ఊరి పేరు కూడా వారిచేత ఒక కాగితం మీద వ్రాయించండి.