ఇసుకతిన్నెల మంచినీరు

కడలి యొడ్డున ఇసుకలో చెలమ త్రవ్వి మంచినీరు తోడుకొనుట మన తీరవాసు లెరిగినదే. ఉప్పునీటి ప్రక్కనే మంచినీ రెట్లు నిలుచుచున్నది? ఎంతకాలము నిలుచును? ఈ ప్రశ్నలకు హాలెండు దేశపు ఆమ్‌స్టర్‌డామ్ నగర చరిత్ర చక్కని సమాధానము చెప్పుచున్నది. దానిని మనము కొంచెము పరికింతము.

ఆ నగరమున కాలువలకు కొదువ లేదు, త్రాగునీటికే కరవు. ఉప్పు, మురికి కలసిన కాలువనీరు త్రాగరాక, ఫెక్ట్ నదినుండి పడవలలో నీరు తెచ్చి అమ్మెడివారు. యాకప్ ఫాన్ లెనెప్ అను రచయిత పూనికతో 1851లో ఒక కంపెనీ ఏర్పడెను. సముద్రతీరపు ఇసుకతిన్నెలలో ఇంకిన వాననీటిని అది గొట్టములద్వారా నగరమునకు తెచ్చెను. 1853 డిసెంబరు 12వ తేదీన నగరద్వారమువద్ద ఆ నీటిని బొక్కెన ఒక సెంటు చొప్పున అమ్మిరి.

ఆ తిన్నెల అడుగున నున్న రహస్యము తరువాత బయటపడెను. 1889లో బాడన్ గైబెన్ అను డచ్చి ఇంజనీరు, 1901లో హెర్జ్‌బర్గ్ అను జర్మను ఇంజనీరు వేర్వేరుగా ఒకే సూత్రమును ప్రకటించిరి. ఉప్పునీటికంటె మంచినీరు తేలిక. కనుక అది భూమిలోపల ఉప్పునీటిపై తేలుచుండును. భూగర్భజలము సముద్రమట్టమునకు 1 మీటరు ఎత్తున నున్నచో, ఆ మట్టమునకు దిగువ సుమారు 40 మీటర్ల లోతువరకు మంచినీరుండును. పైన ఒక మీటరు తరిగినచో క్రింద నలుబది మీటర్లు తరుగును.

నగరము పెరిగెను. 1903 నుండి తిన్నెలలో లోతుబావులు త్రవ్వి నీరు తోడసాగిరి. నగర జలశాఖకు అధిపతియైన పెనింక్ 1905 ప్రాంతమున ఇసుక నింపిన తొట్టెలో ఉప్పునీటికి మారుగా పాలు పోసి ప్రయోగము చేసెను. పైనుండి నీరు తోడినకొలది అడుగునున్న పాలు బావివైపు లేచి వచ్చెను. అయినను తోడుట ఆగలేదు. ఉప్పునీరు పైకి ప్రాకుచునే యుండెను. తుదకు 1957లో రైను నదీజలమును తెచ్చి తిన్నెలలో ఇంకించి, మరల తోడుకొను పద్ధతి మొదలయ్యెను. నేటికిని అదియే సాగుచున్నది.

ఇప్పుడు సముద్రమే పైకి వచ్చుచున్నది. 1900 నుండి ప్రపంచమున సగటు సముద్రమట్టము సుమారు 20 సెంటీమీటర్లు పెరిగినది. దానితోపాటు భూగర్భజలమును పైకి లేవగలచోట నష్టము స్వల్పము. కాని ఇండ్లు, వీథులు మునుగకుండ నీటిని ఎప్పటికప్పుడు బయటికి తోడివేయు పల్లపు నగరములకు ఆ వెసులుబాటు లేదు. అట్టిచోట మీటరు ఎత్తులో 25 సెంటీమీటర్లను సముద్రము హరించినచో, పై సూత్రము ప్రకారము 10 మీటర్ల మంచినీరు నశించును.

బావినీట ఉప్పు రుచి తగులునాటికి భూమిలోపలి నష్టము చాలవరకు జరిగియే యుండును. పాలతొట్టె చూపిన సత్యమునకు తగిన పని చేయుటకు ఆమ్‌స్టర్‌డామునకు అర్ధశతాబ్ది పట్టినది. నేటి తీరనగరములకు అంత వ్యవధి లేదు. తోడుకొన్నంత నీటిని ఇంకించుట అవి ముందుగనే అలవరచుకొనవలెను.