బొమ్మ అడుగున ముద్ర

పాత జపాన్ పింగాణీ బొమ్మలు పోగుచేసే నాబోటి వాళ్లం బొమ్మ చేతికి రాగానే ముఖం చూడం, తిరగేసి అడుగు చూస్తాం. గరాజ్ సేల్స్‌లో ఇది చూసి మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది. కానీ అసలు కథంతా అక్కడే ఉంది మరి.

1890లో అమెరికా చేసిన మెకిన్లీ టారిఫ్ చట్టం ప్రకారం దిగుమతి సరుకు మీద తయారైన దేశం పేరు ఇంగ్లీషులో ఉండాలి. జపాన్ వాళ్లు తమ దేశాన్ని తాము పిలుచుకునే పేరునే ఇంగ్లీషు అక్షరాల్లో "నిప్పన్" అని వేశారు. మూడు దశాబ్దాల పాటు చెల్లింది. 1921లో కస్టమ్స్ వారు అది ఇంగ్లీషు మాట కాదు, "జపాన్" అనే వెయ్యాలన్నారు. సొంత పేరు రాసుకోవడానికి కూడా కొనేవాడి ఒప్పుదల కావాలన్నమాట! ఆఫీసులో నోరు తిరగదని పేరు కత్తిరించుకున్న మనకి ఇది కొత్తేమీ కాదు.

అంతకన్నా బరువైన ముద్ర యుద్ధం తర్వాత వచ్చింది. ఓడిపోయిన జపాన్ 1945 నుంచి 1952 ఏప్రిల్ 28 దాకా మిత్రరాజ్యాల సేనల ఆక్రమణలో ఉంది. 1947లో ప్రైవేటు ఎగుమతులు మళ్లీ మొదలయ్యాక సరుకు మీద "మేడిన్ ఆక్యుపైడ్ జపాన్" అని వేశారు. అంటే, పరాయి సేనల కింద ఉన్న జపాన్‌లో తయారైనది అని. 1949 చివర్లో ఈ నిబంధన సడలింది. ఆ కొద్ది కాలపు ముద్ర కోసమే ఇవాళ మావాళ్లు రెండింతలు పెట్టి కొంటారు. ఓటమికి గిరాకీ కట్టడం నాకు కొంచెం ఎబ్బెట్టుగానే ఉంటుంది, అయినా నేనూ కొంటాను.

ఈ బొమ్మల్లో చాలా వాటి పుట్టిల్లు నగోయా పక్కనున్న సెతో. జపాన్ భాషలో పింగాణీ, మట్టి పాత్రలన్నిటికీ "సెతోమోనో" అనే పేరు ఆ ఊరి వల్లే వచ్చింది. పల్చటి మట్టి పిండిని ప్లాస్టర్ అచ్చులో పోస్తారు. అచ్చు నీటిని పీల్చుకుని అంచు గట్టిపడగానే మిగతాది వంపేస్తారు. అందుకే లోపల డొల్ల. కాల్చేటప్పుడు గాలి పోవడానికే అడుగున ఆ చిన్న చిల్లి. తర్వాత చేత్తో రంగులు. తమది కాని పండక్కి దేవదూతల కొవ్వొత్తి స్టాండ్లు, తామెన్నడూ చూడని యూరప్ దొరసానులకి లేసు గౌన్లు.

అవి ఇక్కడ చవక దుకాణాల్లో చిల్లర డబ్బులకి అమ్ముడుపోయేవి. తెప్పించిన వారిలో ప్రముఖుడు షికాగోలో 1941లో కంపెనీ పెట్టిన జార్జ్ జోల్టన్ లెఫ్టన్, హంగరీ నుంచి వలస వచ్చినవాడు. 1949లో డాలరుకి 360 యెన్లని స్థిరపరచడం ఈ వ్యాపారానికి బాగా కలిసొచ్చింది. 1971లో ఆ లెక్క తప్పింది. 1985 ప్లాజా ఒప్పందం తర్వాత యెన్ మరీ పెరిగి, సెతో బొమ్మ ఇక్కడ చవక సరుకు కాకుండా పోయింది. అప్పటికే అడుగున తైవాన్ పేరు కనిపిస్తోంది, ఆ తర్వాత చైనా.