పెరటి పచ్చిక – పెంపుడు కుక్క

చెన్నైకి వాయవ్య దిశలో ఉన్న అంబత్తూరు ఒకప్పుడు చెరువు నీటిపై ఆధారపడిన సేద్యపు ఊరు. 1960వ దశకంలో పారిశ్రామిక వాడ వెలసిన పిమ్మట ఇళ్ల స్థలాలుగా మారింది. 2011లో చెన్నై నగరపాలక సంస్థలో విలీనమయింది. అయినా ఒక గ్రౌండు, అనగా 2400 చదరపు అడుగుల స్థలంలో ఇల్లు కట్టుకొని వెనుక కొంత పెరడు మిగుల్చుకున్న కుటుంబాలు నేటికీ ఇక్కడ ఉన్నాయి. ఆ కొద్దిపాటి చోటులోనే బావి లేదా బోరు, ఇంకుడు గుంత, నాలుగు మొక్కలు, పచ్చిక, పెంపుడు కుక్క అన్నీ ఇమడవలసి ఉంటుంది. అందువలన కుక్క మలమూత్రాల సమస్య పెరటి అందానికి మాత్రమే సంబంధించినది కాదు. పిల్లల ఆరోగ్యానికీ, ఇంటి నీటికీ సంబంధించినది.

పచ్చిక ఎందుకు మాడుతుంది?

కుక్క మూత్రంలో యూరియా, లవణాలు అధికంగా ఉంటాయి. పొలంలో యూరియా మితంగా చల్లితే పైరు ఏపుగా పెరుగుతుంది, ఒకేచోట కుప్పగా పడితే మాడిపోతుంది. పచ్చికలో జరిగేది అదే. మూత్రం ఎక్కువగా ఇంకిన నడుమ భాగం ఎండిపోతుంది, పలుచగా పాకిన అంచులు ముదురాకుపచ్చగా ఎదుగుతాయి. ఆడకుక్కలు కూర్చుని ఒకేచోట విసర్జిస్తాయి కనుక వాటివల్ల మచ్చలు ఎక్కువగా కనిపిస్తాయి. మగకుక్కలు గోడకూ చెట్టుకూ కొద్దికొద్దిగా పోస్తాయి.

మూత్రంలోని ఆమ్లగుణమే కారణమని భావించి కొందరు పచ్చికపై సోడా, జిప్సం చల్లుతారు. కుక్కకు టమాటా రసం తాగించేవారూ ఉన్నారు. అసలు కారణం నత్రజని, లవణాల గాఢత కనుక వీటివలన ప్రయోజనం లేదు. ఎక్కువ నీరు తాగుతుందని ఆహారంలో ఉప్పు పెంచడం మూత్రపిండాల వ్యాధి, గుండె జబ్బు ఉన్న కుక్కలకు ప్రమాదకరం.

సరియైన మందు నీరే. కుక్క మూత్రం పోసిన చోట దానికి మూడింతల నీరు వెంటనే, తప్పితే అదే పూట పోయాలి. తమిళులు అరుగంపుల్లు అని పిలిచే గరిక త్వరగా మాడినా, పక్కనున్న తీగలు పాకి త్వరగానే కోలుకుంటుంది. మాడిన చోట ఎండుగడ్డిని తీసివేసి, మట్టిని గుల్ల చేసి, బాగా తడిపి, చివికిన పశువుల ఎరువు కొద్దిగా కలిపి గరిక కణుపులు నాటాలి. ఆ చోట కొంతకాలం యూరియా వేయరాదు.

మలంతో వచ్చే ముప్పు

ఆవు పేడ ఎరువైనట్లే కుక్క మలమూ ఎరువవుతుందని కొందరి అభిప్రాయం. ఇది పొరపాటు. కుక్క మలంలో ఏలికపాముల గుడ్లు, కొంకిపురుగుల గుడ్లు ఉండవచ్చు. ఏలికపాము గుడ్డు విసర్జించిన నాడే హాని చేయదు. మట్టిలో రెండు మూడు వారాలు పరిపక్వమైన తరువాతే అంటుకొనే స్థితికి వస్తుంది, ఆపై ఏండ్ల తరబడి అక్కడే నిలిచి ఉండగలదు. మట్టిలో ఆడుకొన్న పిల్లలు చేతులు కడుక్కోకుండా అన్నం తింటే ఆ గుడ్లు కడుపులోకి చేరుతాయి. అరుదుగా కంటిచూపుకూ హాని కలుగుతుంది. కొంకిపురుగు పిల్లలు తేమగల నీడనేలలో బతికి, చెప్పులు లేని పాదాల చర్మం గుండా చొచ్చుకుపోతాయి.

కనుక ప్రతిదినం మలాన్ని ఎత్తివేయడమే ప్రధాన రక్షణ. గుడ్లు పరిపక్వం కాకముందే పెరటి నుండి వెళ్లిపోతాయి. కుక్కపిల్లలకు రెండు వారాల వయసు నుండి, పెద్ద కుక్కలకు సాధారణంగా మూడు నెలలకొకసారి పశువైద్యుని సలహాపై పురుగుల మందు ఇప్పించాలి. బ్లీచింగ్ పొడి ఈ గుడ్లను చంపలేదు. పైగా మూత్రంతో కలిసినప్పుడు ఘాటైన వాయువు వెలువడుతుంది. ఫినాయిల్ పచ్చికను మాడ్చుతుంది. పొడి సున్నం కుక్క పాదాలను కాలుస్తుంది.

ఇంకుడు గుంత విషయంలో జాగ్రత్త

2003లో తమిళనాడు ప్రభుత్వం అన్ని భవనాలకూ వర్షపునీటి సేకరణను తప్పనిసరి చేసింది. పైకప్పు నీటితో పాటు పెరటి నీరు కూడా ఇంకుడు గుంతలోకి వాలేటట్లు కట్టిన ఇళ్లు ఉన్నాయి. చెన్నైలో ఏడాది వర్షంలో సగానికి పైగా అక్టోబరు – డిసెంబరు నెలలలోనే కురుస్తుంది. ఆ వానకు కొట్టుకుపోయిన మలం గుంత ద్వారా బావినీటిని చేరవచ్చు. వీధి కాలువలో పడినది చెరువు పాలవుతుంది. అంబత్తూరు చెరువు పొంగితే ఆ నీరు కొరట్టూరు చెరువుకు పోతుంది. వానాకాలంలో నిలువ నీటి ద్వారా ఎలుక జ్వరం కూడా వ్యాపిస్తుంది. ఆ క్రిములు ఎలుకల మూత్రంలోనే గాక కుక్కల మూత్రంలోనూ ఉండవచ్చు. కుక్కకు దీనికి ఏటేటా టీకా ఉన్నది.

కుక్కకు ఒక మూల

గుంతకూ బావికీ దూరంగా, వాటివైపు వాలు లేని, ఎండ తగిలే చోట ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పున ఇసుక పరచాలి. ఎండిన ఇసుకలో కొంకిపురుగు పిల్లలు నిలువలేవు. తెల్లవారగానే, తిన్న వెంటనే కుక్కను గొలుసుతో అక్కడికే తీసుకువెళ్లి, పని కాగానే మెచ్చుకొంటే కొన్ని వారాలలో అలవాటు పడుతుంది. పై ఇసుకను అప్పుడప్పుడు మార్చాలి.

ఎత్తిన మలాన్ని ఎక్కడ వేయాలి?

భూగర్భ మురుగు కాలువ ఉన్న ఇళ్లలో సంచి లేకుండా మరుగుదొడ్డిలో వేసి నీరు పోయవచ్చు. లేనిచో కాగితంలో గట్టిగా చుట్టి విడిగా ఉంచి, చెత్త బండికి ఇచ్చేటప్పుడు లోపల ఏమున్నదో చెప్పాలి. తడి చెత్తలో రహస్యంగా కలిపితే, దానిని చేతితో విడదీసే కార్మికులకు అన్యాయం చేసినట్లే. గుంత తీసి పూడ్చడం చిత్తూరు, నెల్లూరు పల్లెల విశాలమైన దొడ్లకు తగిన పద్ధతి. అరవై అడుగుల పొడవైన స్థలంలో బావికి తగినంత దూరం దొరకదు. ఎరువుగా కుళ్లబెట్టదలచినవారు దానిని ఆకుకూరలకు, కాయగూరలకు వేయరాదు. ఇంటి కుప్పలో గుడ్లు చచ్చేంత వేడి పుట్టడం అరుదు.

పొద్దున చెంబెడు నీళ్లు, సాయంత్రం ఒక చిన్న పార, మూడు నెలలకొకసారి పురుగుల మందు: ఈ మూడూ తప్పకపోతే పచ్చిక నిలుస్తుంది, పిల్లలు చెప్పులు లేకున్నా భయం తగ్గుతుంది, బావినీరు శుభ్రంగా ఉంటుంది.