రిటైరైన తర్వాత కాటన్ దొర

మా గోదావరి జిల్లాల్లో కాటన్ దొరగారి విగ్రహం లేని ఊరు వెతుక్కోవాలి. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తిచేశారని చిన్నప్పుడు బళ్ళో చదువుకున్నాం. పాఠం అక్కడితో ఐపోయింది. నాకు మాత్రం ఆ తర్వాతి దొరగారంటేనే ఇష్టం. 1860లో, యాభై ఏడేళ్ళకి, ఉద్యోగం చాలించుకుని సొంత దేశం వెళ్ళిపోయారు. పోయింది 1899 జులై 24న, తొంభై ఆరేళ్ళకి. అంటే ముప్ఫై తొమ్మిదేళ్ళ రిటైర్మెంటన్నమాట! మన ఇళ్ళల్లో మామగార్లు రిటైరైన మూడో నెలకే పేపరుకీ, టీవీకీ, మందుల డబ్బాకీ అలవాటు పడిపోతారు కదా, మరి ఈయన అన్నేళ్ళు ఏం చేశారు?

ఊరుకోలేదు. డెబ్భై మూడేళ్ళప్పుడు, 1876లో, అరబిక్ నేర్చుకునేవాళ్ళ కోసం ఒక చిన్న వాచకం రాశారు. ముప్ఫై ముఖ్యమైన మాటలు, వాటితో అల్లిన నూట ఎనభై చిన్న వాక్యాలు. అంతే పుస్తకం. వ్యాకరణం బట్టీ పట్టించకుండా మాట్లాడుతూ నేర్చుకోమన్నారు. తెలుగు బీయే చదివి ఛందస్సుతో కుస్తీ పట్టినదాన్ని, ఆ పద్ధతి నాకు భలే నచ్చింది.

అదే ఏడు మన దక్షిణాదిని పెద్ద కరువు పట్టింది. మన పెద్దవాళ్ళు ధాత కరువు అనేవారే, అది. రెండేళ్ళ తర్వాత, 1878లో, బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు కూర్చుని ఆ డెబ్భై అయిదేళ్ళ పెద్దాయన వాదించారు: రైళ్ళ మీద కుమ్మరించే డబ్బు కాలువల మీద పెట్టండి, పంటకి నీళ్ళూ వస్తాయి, పడవలూ తిరుగుతాయి అని. నెగ్గలేదు. కానీ ఏలూరు కాలువ చూసినవాళ్ళకి ఆ మాట వట్టి మాట కాదని తెలుసు. విజ్జేశ్వరం దగ్గర బయల్దేరి, నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు వచ్చి, కృష్ణ కాలువతో కలుస్తుంది. ఒకప్పుడు ఆ దారినే సరుకుల పడవలు నడిచేవి.

చివరి రోజుల్లో లండన్‌కి దక్షిణాన డోర్కింగ్ అనే ఊళ్ళో ఉంటూ సేద్యం మీద పడ్డారు. నేలని బాగా లోతుకి తవ్వి గోధుమ వేస్తే ఎంత ఎక్కువ పండుతుందో అని ప్రయోగాలు. నదిని కట్టిన మనిషి పెరట్లో మట్టితో సరిపెట్టుకోవడం చిన్నతనం అనుకోలేదు.

ఇక్కడే నాకు మా తాతయ్య గుర్తొస్తాడు. అమ్మమ్మావాళ్ళది చింతలపూడి, మెట్ట ప్రాంతం. పల్లానికి పారే దొరగారి కాలువ నీళ్ళు మా వైపు ఎక్కవు. అక్కడివాళ్ళకి వానలూ, బోర్లూ, తమ్మిలేరూ తప్ప వేరే దిక్కు లేదు. చింతలపూడి ఎత్తిపోతల మాట ఏళ్ళ తరబడి వింటూనే ఉన్నాం. తాతయ్య ఎనభై దాటాక కూడా నిమ్మ చెట్లకి పాదులు తనే తవ్వుకునేవాడు. తన పంచె తనే ఉతుక్కునేవాడు. ఎవరైనా చెయ్యి పట్టుకోబోతే, "నాకేం, కళ్ళు లేవా?" అని కసిరేవాడు. ఒకసారి పాదు దగ్గర తూలి పడ్డాడని మా మామయ్యలు పార దాచేశారు. ప్రేమతోనేలెండి. తాతయ్య గొడవ పెట్టలేదు. అరుగు మీద కూర్చుని, భోజనానికి పిలిస్తే వచ్చి, మళ్ళీ వెళ్ళి కూర్చునేవాడు. వారం రోజులకే మనిషి సగమైపోయాడు.

ఎనిమిదో రోజు అమ్మమ్మ ఎవరితోనూ అనకుండా పార తెచ్చి నూతి గట్టుకి ఆనించింది. "పడితే నేను చూసుకుంటాను, మీరు మీ పనులు చూసుకోండిరా" అంది కొడుకులతో. ఆ తర్వాత తాతయ్య ఇంకో నాలుగేళ్ళు ఉన్నాడు. రెండుసార్లు పడ్డాడు కూడా.

దొరగారింట్లో ఎవరు పార దాచారో, ఎవరు తెచ్చిచ్చారో మనకెలా తెలుస్తుంది? ఒక్కటి మాత్రం ఉంది. ఆయన పోయిన మరుసటి ఏడే, 1900లో, ఆయన జీవిత చరిత్ర పుస్తకంగా వచ్చింది. రాసింది కూతురు ఎలిజబెత్, లేడీ హోప్ అంటారు. ఆనకట్టలతో పాటు నాన్న పెరటి సేద్యం గురించి కూడా అందులో వివరంగా రాసుకుంది.