చతురంగంలో స్మృతి ఎంత, ధారణ ఎంత?

కవాడిగూడ నుండి అశోక్‌నగర్ వరకు విస్తరించిన వీధులు పోటీపరీక్షల అభ్యర్థులకు నివాసస్థానాలు. కంఠస్థం చేయడమే విద్య అనే భావన అక్కడి వాయువులోనే ఉన్నదనిపిస్తుంది. చదరంగం నేర్వదలచిన బాలునికి సైతం ప్రారంభపు ఎత్తుల పట్టికలనే ముందుగా చేతికిచ్చే పద్ధతి నేడు ప్రబలింది. ఆట రుచి తెలియకముందే వాని ఉత్సాహం హరించుకుపోతున్నది. మన పూర్వులు ఈ క్రీడను ఇట్లే అభ్యసించినారా?

చిక్కడపల్లి త్యాగరాయ గానసభ అవధానాలకు ప్రసిద్ధమైన వేదిక. సంప్రదాయ అష్టావధానంలో చదరంగం కూడా ఒక అంశమని నేటి శ్రోతలలో ఎందరికి తెలుసు? ఇటీవలి సభలలో అది అంతగా కనబడదు. పద్యాలను చివర అప్పగించడానికి అవధానికి స్మృతి కావాలి. కాని పృచ్ఛకుడు ఏ బంటును ముందుకు నెట్టుతాడో ఎవరు ముందుగా వల్లించగలరు? అక్కడ కావలసినది తత్క్షణ వివేకం. పతంజలి మహర్షి స్మృతిని పంచవృత్తులలో ఒకటిగా లెక్కించి, ధారణను చిత్తాన్ని ఒకచోట నిలిపే యోగాంగంగా వేరుగా పేర్కొన్నాడు. లోకవ్యవహారంలో మనం ఈ రెండింటినీ కలిపివేసినాము.

క్రీస్తుశకం 7వ శతాబ్దంలో బాణభట్టు హర్షచరితంలో అష్టాపద ఫలకాన్నీ చతురంగాన్నీ శ్లేషతో ప్రస్తావించాడు. 9వ శతాబ్దపు రుద్రటుడు కావ్యాలంకారంలో తురగపదబంధాన్ని చూపినాడు. వేదాంత దేశికుల పాదుకాసహస్రంలో ఒక శ్లోకపు 32 అక్షరాలను గుర్రపు గతిలో చదివితే తరువాతి శ్లోకం వెలువడుతుంది. గుర్రం ప్రతి గడినీ ఒక్కసారి మాత్రమే తాకే ఆ మార్గాన్ని వల్లెవేయవచ్చును. అయితే 1823లో వార్న్స్‌డార్ఫ్ అనే జర్మనీ దేశీయుడు ఒక్క సూత్రంతో ఆ భారాన్ని తేలిక చేశాడు. ఏ గడి నుండి ముందుకు పోవుటకు దారులు అత్యల్పమో, ఆ గడికే ముందు వెళ్లాలి. సూత్రం గ్రహించినవానికి 64 గడుల వరుస సాధారణంగా తానై దొరుకుతుంది.

మీర్ సుల్తాన్ ఖాన్ చరిత్ర ఇక్కడ స్మరణీయం. అవిభక్త పంజాబులో పుట్టి, బంటు తొలి ఎత్తులోనూ ఒక్క గడే నడిచే దేశీయ నియమాలతో పెరిగిన ఆయన, యూరోపు పద్ధతిని ఆలస్యంగా నేర్చి, ప్రారంభ గ్రంథాల పాండిత్యం లేకనే 1929, 1932, 1933 సంవత్సరాలలో బ్రిటిషు విజేత అయినాడు. హేస్టింగ్స్‌లో కాపాబ్లాంకాను ఓడించాడు. ఆయన బలం మధ్యఘట్టంలో, అంత్యఘట్టంలో ఉండేది. కనుక కొత్తవారు కూడా కొన్ని పావులే మిగిలిన స్థితులతో ఆరంభించడం ఉచితమని నా అభిప్రాయం. ఒక గడి విడిచి ఎదురెదురుగా నిలిచిన ఇద్దరు రాజులలో, ఎవరి వంతు వస్తే వారే దారి ఇవ్వవలసివస్తుంది. ఈ ఒక్క సత్యం తెలిసిన బాలుడు బంటును మంత్రిగా మార్చే ఆటను గంటలకొద్దీ ఆనందిస్తాడు.

కంఠస్థ విద్యను బాబీ ఫిషరే నిరసించి, 1996లో బ్యూనస్ ఎయిరీస్‌లో వెనుకవరుస పావులను చీటీ వేసినట్లు అమర్చే పద్ధతిని ప్రకటించాడు. శకటాలు భిన్నవర్ణపు గడులలో, రాజు రెండు ఏనుగుల నడుమ ఉండాలన్న నియమాలతో 960 అమరికలు ఏర్పడతాయి. వాటన్నిటినీ వల్లించడం ఎవరి తరమూ కాదు. 2025 జూలైలో లాస్ వేగాస్‌లో ఈ పద్ధతిలో జరిగిన పోటీలో మన ఓరుగల్లు యువకుడు అర్జున్ ఎరిగైసి అబ్దుసత్తొరోవ్‌ను జయించి ఉపాంత్యానికి చేరాడు. అక్కడ అరోనియన్ చేతిలో ఓడినాడు గాని, ఆ పరంపరలో ఉపాంత్యం చేరిన తొలి భారతీయుడు అతడే.