తోంగ్‌పాల్ తగరం: వేణ్ణీళ్ళ చరిత్ర

జగదల్‌పూర్ నుండి సుక్మా, కోంటాల మీదుగా తెలుగునేలకు దిగివచ్చే రహదారిపై తోంగ్‌పాల్ ఒక చిన్న ఊరు. 1323లో ఓరుగల్లు పతనమైన పిదప కాకతీయ వంశీయుడైన అన్నమదేవుడు బస్తరులో రాజ్యం నెలకొల్పాడని అక్కడి రాజవంశ చరిత్ర చెబుతున్నది. ఆ విధంగా తెలుగువారి చరిత్రతో ముడిపడిన ఈ అరణ్యసీమ 1970ల దశకంలో మరొక కారణంగా భూగర్భ శాస్త్రజ్ఞుల దృష్టిని ఆకర్షించింది. తోంగ్‌పాల్, కటేకల్యాణ్ ప్రాంతాలలో తగరపు ఖనిజమైన కాసిటరైట్ నిక్షేపాలు బయటపడ్డాయి. నేడు దేశంలో తగరపు ఖనిజం ఉత్పత్తి అవుతున్న రాష్ట్రం ఛత్తీస్‌గఢ్ ఒక్కటే. ఈ లోహానికీ, తెలుగింట వేణ్ణీళ్ళు కాచుకొనే అలవాటుకూ సన్నిహిత సంబంధం ఉన్నది.

నిప్పు నుండి నీటికి వేడిమిని త్వరగా అందించడంలో రాగికి సాటివచ్చే లోహాలు అరుదు. అయితే పులుపు తగిలితే రాగి చిలుము పడుతుంది. అందుచేత వంటకు వాడే రాగిపాత్రల లోపల తగరపు పూత పూయించడం ఆచారమైంది. 232 డిగ్రీల సెల్సియస్ వద్దనే కరిగే తగరాన్ని నవాసాగరం సాయంతో వేడి పాత్రకు పట్టించడమే కళాయి. ఈ మాట తగరాన్ని సూచించే అరబ్బీ పదం నుండి వచ్చింది. మాట వలెనే సరుకూ సముద్రం మీదుగా వచ్చేది. క్రీస్తుశకం మొదటి శతాబ్దికి చెందిన ‘పెరిప్లస్’ గ్రంథం భారతదేశపు రేవులకు దిగుమతి అయ్యే వస్తువులలో తగరాన్ని పేర్కొన్నది. నేటికీ మన అవసరాలలో అధికభాగం దిగుమతులతోనే తీరుతున్నది. ఆధునిక గృహాలలో వేడినీటిని మోసే రాగి గొట్టాల అతుకులకు వాడే టంకంలోనూ తగరమే ప్రధానం.

పూర్వం తెలుగింటి పెరట్లో పొయ్యిమీద కాగు ఉండేది. మరిగిన నీటిని గంగాళంలోకి వంపి, చన్నీళ్ళు కలిపి, ఒంటికి ఓర్చుకోదగిన వేడికి తేవడాన్ని తొరపడం అన్నారు. ముంచేతితో తాకి చూడటమే అక్కడి ఉష్ణమాపకం. ‘వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడు’ అన్న లోకోక్తి ఈ నిత్యానుభవం నుండి పుట్టినదే. తరువాత వచ్చిన రాగి బాయిలరులో నడుమ నిప్పుల గొట్టం, దాని చుట్టూ నీళ్ళు ఉండేవి. కొన్ని రకాలలో గరాటులో చెంబెడు చన్నీళ్ళు పోస్తే, అవి అడుగుకు చేరి, అంతే కొలత వేణ్ణీళ్ళను పై గొట్టం గుండా బయటికి నెట్టేవి. తొందరపడి వరుసగా పోస్తే మాత్రం వచ్చే నీళ్ళు గోరువెచ్చగా మారేవి. నిప్పు ఇచ్చే వేడిమికి హద్దు ఉన్నదని గృహిణులకు ఏ గ్రంథమూ చెప్పనక్కరలేకపోయింది.

ఆ హద్దును శాస్త్రం లెక్కకు తెచ్చింది. 1760ల దశకంలో స్కాట్లండు శాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్లాక్ ఉష్ణోగ్రత వేరు, ఉష్ణరాశి వేరు అని ప్రయోగాలతో నిరూపించాడు. లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 4.2 కిలోజౌళ్ళ శక్తి కావాలి. అంటే నిప్పు శక్తి స్థిరంగా ఉన్నప్పుడు, ధార పెరిగితే వేడి తగ్గుతుంది. వేడి పెరగాలంటే ధార తగ్గాలి.

నిలువ ఉంచకుండా, పారే నీటినే కాచే గ్యాసు యంత్రానికి 1868లో లండనులో బెంజమిన్ వాడీ మాన్ పేటెంటు పొందాడు. ఐస్లాండులోని ఉష్ణజలధార పేరిట దానికి ‘గీజర్’ అని నామకరణం చేశాడు. ఆ పేరే మన ఇళ్ళలో స్థిరపడింది. 1894లో జర్మనీలో యోహాన్ వైలాంట్ రూపొందించిన స్నానపు కొలిమిలో దహనవాయువులు నీటిని తాకకుండా వేరుపరచబడ్డాయి. స్నానపు నీటినీ, గదులను వెచ్చబరిచే నీటినీ ఒకే పెట్టెలో కాచే కాంబి బాయిలర్ ఇరవయ్యవ శతాబ్ది ఉత్తరార్ధంలో ఐరోపా గృహాలలో వ్యాప్తి చెందింది. బ్రిటనులో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది సుపరిచితం.

కుళాయి తిప్పగానే కాంబి బాయిలరులోని సాధనం నీటి కదలికను గుర్తిస్తుంది. మళ్ళింపు కవాటం గదుల వైపు వెళ్ళే వేడిని కుళాయి నీటి వైపు త్రిప్పుతుంది. ధార మరీ సన్నగిల్లితే మంటే వెలగదు. 24 కిలోవాట్ల యంత్రం నిమిషానికి సుమారు 9.8 లీటర్ల నీటిని 35 డిగ్రీల మేర వేడెక్కించగలదు. వేసవిలో 15 డిగ్రీలతో వచ్చే నీటిని 40 డిగ్రీలకు చేర్చడమైతే అదే యంత్రం 13 లీటర్లకు పైగా ఇస్తుంది. శీతకాలంలో నీరు 5 డిగ్రీలతో ప్రవేశిస్తే మళ్ళీ 9.8 లీటర్లే. కనుక చలికాలంలో కుళాయి పూర్తిగా తిప్పినప్పుడో, రెండు కుళాయిలు ఒకేసారి వాడినప్పుడో నీరు చల్లబడటం తప్పనిసరిగా యంత్రదోషం కాదు. ధారను కొంత తగ్గించడమే దానికి తొలి విరుగుడు. హైదరాబాదు ఇళ్ళలోని 3 కిలోవాట్ల తక్షణ గీజరు 20 డిగ్రీల పెరుగుదలతో నిమిషానికి సుమారు రెండు లీటర్లే ఇవ్వగలగడానికీ కారణం ఇదే.

ఇరవై లీటర్ల బకెట్టును 22 డిగ్రీల నుండి 42 డిగ్రీలకు తేవడానికి దాదాపు అర యూనిట్ విద్యుత్తుకు సమానమైన శక్తి చాలు. మూడురాళ్ళ పొయ్యిలో కట్టె వేడిమిలో పదోవంతే నీటికి అందుతుందనుకుంటే, అదే పనికి కిలోకు పైగా కట్టెలు కావాలి. ఆ కట్టెలు అడవి నుండి తలమోపుగా తెచ్చేది సాధారణంగా స్త్రీలే.

తోంగ్‌పాల్ పరిసరాల ఆదివాసులు వాగు ఇసుకను నీటిలో కడిగి తగరపు ఖనిజాన్ని వేరుచేస్తారు. ఇసుకకన్నా రెండు రెట్లకు పైగా బరువైన ఆ నల్లని రేణువులు అడుగున నిలుస్తాయి. ఇసుక ధారతో కొట్టుకుపోతుంది. నీటి వేగాన్ని చేతితో అదుపు చేయడమే ఇక్కడి విద్య. ఎక్కువైతే ఖనిజం పోతుంది, తక్కువైతే ఇసుక పోదు. స్నానాల గదిలో యంత్రం చేసే పనిని వాగులో ఈ చేతులు మరొక ప్రయోజనానికి చేస్తున్నాయి. సుదూర నగరాల వేడినీటి గొట్టాలను అతికే లోహం ఇటువంటి శ్రమ నుండి వస్తున్నది. ఆ శ్రమకు న్యాయమైన ధర, ఆ శ్రమజీవుల ఇంట పొగలేని పొయ్యి సమకూరినప్పుడే ఈ చరిత్ర పరిపూర్ణమవుతుంది.